తలకు దెబ్బ తగిలి ఇంటికి వచ్చాక రోజును నడపడం ఎలా?

బెంగళూరు హోసూరు రోడ్డులో మెదడు, నరాల, మనోవ్యాధులకు వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రికి నేను ఇప్పుడు ఆరు నెలలకు ఒకసారే వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిసారీ వరండాలో తెలుగు మాట విని ఎవరో ఒకరు పక్కన వచ్చి కూర్చుంటారు. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో రాత్రి బస్సులో వచ్చినవాళ్లు కొందరు, ఇక్కడే మారతహళ్లిలోనో కె.ఆర్. పురంలోనో ఉంటున్నవాళ్లు కొందరు. అడిగేది మాత్రం ఒకటే. "కుట్లు మానాయి, స్కాన్ బాగుంది అంటున్నారు. మనిషి మాత్రం మునుపటి మనిషి కాడు. ఇంట్లో ఏం చేయాలి?"

2018లో స్కూటర్ మీద నుంచి పడి నా తలకు దెబ్బ తగిలింది. తరువాతి పదకొండు రోజులు నాకు ఇప్పటికీ గుర్తు లేవు. అంతకుముందు లెక్కలు రాసే ఉద్యోగం చేసేవాడిని. ఇప్పుడు ఇంటి నుంచి సగం పూటే చేస్తున్నాను. ఈ వ్యాసాన్ని రోజుకు ఇరవై నిమిషాల చొప్పున మూడు వారాలు రాశాను. ఆ ఇరవై నిమిషాల సంగతి నాలుగో మెట్టులో వస్తుంది.

నడవగలిగి, మాట్లాడగలిగి, మతిమరుపు, అలసట, కోపం, శబ్దం పడకపోవడం లాంటి వాటితో ఇబ్బంది పడేవాళ్ల కోసం ఇది. మంచం దిగలేని స్థితిలో ఉన్నవాళ్లకు వేరే పద్ధతులు కావాలి. ఇందులో 'మీరు' అన్నది ఎక్కువగా ఇంట్లోవాళ్లను ఉద్దేశించి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, పగలు కూడా మత్తుగా పడి ఉంటున్నా, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. దెబ్బ తగిలిన కొన్ని వారాల తరువాత కూడా పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరవచ్చు. పెద్ద వయసువాళ్లలో, మద్యం అలవాటు ఉన్నవాళ్లలో, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ.

ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టి, ఎప్పుడు మొదలైందో గడియారం చూసుకోండి. నోట్లో చెంచా పెట్టవద్దు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం వల్ల ఏమీ ఒరగదు, ఆ వెతుకులాటలో సమయం పోతుంది. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గీతగ్గకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

కావలసినవి

- గట్టి అట్ట ఉన్న రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్ను.
- రోజుకో కాగితం చింపే క్యాలెండరు. తిథులు, రాహుకాలం, దుర్ముహూర్తం అన్నీ చిన్న అక్షరాలతో కిక్కిరిసిన మన గోడ క్యాలెండరు దీనికి పనికిరాదు. అందులో ఈ రోజు ఏదో వెతకడమే ఒక పరీక్ష.
- పెద్ద అంకెల గోడ గడియారం, మోగే వంటింటి టైమరు.
- ఏడు రోజులకు, రోజుకు మూడు అరలు ఉన్న మాత్రల డబ్బా.
- తలుపు పక్కన పెట్టడానికి ఒక వెడల్పాటి పళ్లెం లేదా బుట్ట.
- మందుల దుకాణంలో దొరికే చెవి బిరడాలు, ఎండకు టోపీ.
- కాగితాలకు ఒక ఫైలు.
- రోజూ సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చునే మనిషి. ఈ జాబితాలో దొరకడం కష్టమైనది ఇదొక్కటే.

1. వారం రోజులు ఏమీ సరిదిద్దకుండా చూడండి

ఒక కాగితం తీసుకుని, తప్పు జరిగిన ప్రతిసారీ ఏం జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది అని రాయండి. మా ఆవిడ రాసిన మొదటి కాగితం ఇప్పటికీ ఉంది. పాలు పొంగినవి మూడు, నీళ్ల మోటారు ఆపనివి రెండు, వేసుకోని మాత్రలు ఐదు, అమ్మాయి మీద అరిచినవి నాలుగు. ఆ నాలుగు అరుపులూ సాయంత్రం ఆరు దాటాక పడినవే. అప్పటిదాకా ఇంట్లో అందరూ 'కోపిష్టి అయ్యాడు' అనుకున్నారు. కాగితం చూశాక, సాయంత్రానికి నాలో సత్తువ అయిపోతోందని అర్థమైంది. వేళ రాయకుండా తప్పులు మాత్రమే రాస్తే అది చాడీల చిట్టా అవుతుంది, అంతకు మించి ఉపయోగం లేదు.

దెబ్బ తగిలిన మనిషి "నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నాను" అనవచ్చు. తన లోపాన్ని తాను గమనించుకునే పని కూడా మెదడుదే. దెబ్బ అక్కడే తగిలితే లోపం కనిపించదు. మొండితనం అనుకుని వాదనకు దిగకండి. కాగితం ఎదురుగా పెట్టి చదవమనండి, అదీ రోజుకు ఒక్కసారే.

2. ప్రతి వస్తువుకూ ఒకటే చోటు

తాళం చెవులు, కళ్లజోడు, పర్సు, ఫోను తలుపు పక్క పళ్లెంలోనే ఉండాలి. ఇంట్లో మిగతావాళ్లు కూడా వాటిని జరపకూడదు. పండక్కి ఇల్లు సర్దుతూ అత్తయ్య ఆ పళ్లెం లోపలి గదిలోకి మార్చినప్పుడు నాకు మూడు రోజులు ఇల్లే కొత్తగా అనిపించింది.

3. ఒకే ఒక్క పుస్తకం

అన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, సగంలో వదిలేసేవాళ్లు ఎక్కువగా ఉన్నదీ దీనిలోనే.

మొదటి పేజీలో పేరు, ఇంటి చిరునామా, ఇద్దరు దగ్గరివాళ్ల ఫోను నంబర్లు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు, పడని మందులు రాయండి. తరువాత రోజుకు రెండు పేజీలు. ఎడమ పేజీలో ఈ రోజు చేయాల్సినవి, వేళతో సహా. కుడి పేజీలో జరిగినవి: ఎవరు వచ్చారు, ఫోనులో ఏం మాట్లాడారు, ఎవరికి ఎంత ఇచ్చారు.

పని మొదలుపెట్టగానే దాని పక్కన చుక్క, పూర్తయ్యాక టిక్కు. చుక్క ఉండి టిక్కు లేకపోతే పని మధ్యలో ఉందన్నమాట. నేను మొదట్లో టిక్కు మాత్రమే పెట్టేవాడిని, అదీ పనికి లేస్తూ. తీరా దారిలో ఎవరో పలకరిస్తే పని మరిచిపోయేవాడిని. పుస్తకం మాత్రం 'అయింది' అని చెప్పేది. మాత్రల విషయంలో ఇలా జరిగితే ప్రమాదం.

పుస్తకం చూసే వేళలు మూడు ఖాయం చేయండి: పొద్దున కాఫీ తాగాక, మధ్యాహ్నం భోజనం అయ్యాక, సాయంత్రం దీపం పెట్టాక. ముందు నుంచీ ఉన్న అలవాటుకు ముడిపెడితే కొత్త అలవాటు నిలుస్తుంది. మొదటి నెల మీరే పుస్తకం తెచ్చి ఎదురుగా పెట్టండి.

నేర్పేటప్పుడు పరీక్ష పెట్టకండి. "నిన్న ఎవరు వచ్చారో గుర్తుందా?" అని అడిగితే మనిషి ఏదో ఒకటి ఊహించి చెబుతాడు, ఆ తప్పు జవాబే మనసులో నాటుకుంటుంది. "పుస్తకంలో చూద్దాం రా" అనండి. సరైనది చూసి, చదివి, వెంటనే చెప్పించండి. ఐదు నిమిషాలకు మళ్లీ, అరగంటకు మళ్లీ, సాయంత్రం మళ్లీ చెప్పించండి. ఇలా వ్యవధి పెంచుతూ పోతే మతిమరుపు తీవ్రంగా ఉన్నవాళ్లు కూడా కొన్ని ముఖ్యమైన సంగతులు నిలుపుకోగలుగుతారు.

రాయడం రానివాళ్లకు, చేయి వణికేవాళ్లకు ఫోను ప్రత్యామ్నాయం. అలారం ఊరికే మోగితే చాలదు, ఏ పనికో తెరమీద తెలుగులో కనబడాలి, లేదా మీ గొంతుతో రికార్డు చేసిన మాట వినబడాలి. ఆ పని చేసే చోట నిలబడ్డాకే అలారం ఆపాలన్నది మా ఇంటి నియమం. మంచం మీద ఆపిన అలారం మోగనట్టే లెక్క.

గోడలకు, ఫ్రిజ్‌కు, అద్దానికి చీటీలు అంటించకండి. పదో చీటీ వచ్చేసరికి కళ్లు ఏదీ చదవవు.

4. సత్తువను డబ్బులా లెక్కపెట్టండి

ఇది దెబ్బ తగిలినవాళ్లకే చెబుతున్నాను. ఈ అలసట నిద్రపోతే తీరే అలసట కాదు. ఇదివరకు ఆలోచించకుండా చేసిన పనికి కూడా ఇప్పుడు మెదడు కష్టపడుతోంది. అందుకని ముందు మీ కొలత కనుక్కోండి. చదవడమో లెక్క చూడడమో మొదలుపెట్టి, తప్పులు రావడం ఎన్నో నిమిషంలో మొదలవుతుందో మూడు రోజులు చూడండి. నాకు ముప్పై. అందులో మూడింట రెండు వంతులకే, అంటే ఇరవైకే ఆపాలి. పది నిమిషాల విశ్రాంతి తరువాత మళ్లీ మొదలుపెట్టవచ్చు. విశ్రాంతి అంటే కళ్లు మూసుకుని కూర్చోవడం. ఫోను చూడడం, టీవీ చూడడం విశ్రాంతి కిందకు రావు.

బరువైన పని పొద్దుటే పెట్టుకోండి, రోజుకు ఒకటే. మధ్యాహ్నం నిద్ర అరగంట దాటితే రాత్రి నిద్ర పాడవుతుంది. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున లేచే వేళ మాత్రం మార్చవద్దు.

బెంగళూరులో ప్రయాణమే ఒక బరువైన పని. సిల్క్ బోర్డు కూడలిలో గంటసేపు హారన్లు విన్నవాడికి డాక్టరు చెప్పేది ఏం ఎక్కుతుంది? ఆసుపత్రికి వెళ్లే రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. పొద్దున రద్దీ మొదలవకముందే బయలుదేరి, తొందరగా చేరితే అక్కడే ఒక మూల కళ్లు మూసుకుని కూర్చోండి. అడగాల్సిన ప్రశ్నలు పుస్తకంలో ముందే రాసుకోండి, జవాబులు వెంట వచ్చినవాళ్లు రాయాలి. వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు కె.ఆర్. మార్కెట్‌కు వెళ్లే సాహసం నేను ఒకసారి చేశాను, రెండు రోజులు మంచం దిగలేదు. నడకకు లాల్‌బాగ్ మంచిది, పొద్దుటే అయితే.

పెళ్లిళ్లు మానుకోనక్కరలేదు. ముహూర్తానికి వెళ్లి, మేళానికి దూరంగా కూర్చుని, అక్షింతలు వేసి, మొదటి బంతిలో భోంచేసి వచ్చేయండి. గట్టిమేళం వేళకు చెవుల్లో బిరడాలు ఉంటే చాలు.

బాగున్న రోజే ప్రమాదం. 'ఈ రోజు హుషారుగా ఉంది, అన్నీ చేసేద్దాం' అనిపిస్తుంది. ఆ రోజు కూడా ఇరవైకే ఆపండి.

5. వంటిల్లు, గ్యాసు, నీళ్లు

కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టడం మనకు పని అనిపించదు, కానీ అది పూర్తిగా జ్ఞాపకశక్తి మీద నడిచే పని. మూడా, నాలుగా అన్న అనుమానం వచ్చిందంటే పప్పు మాడినట్టే. విజిళ్లు వదిలేసి టైమరు పెట్టండి. వీలుంటే అన్నానికి కరెంటు కుక్కర్, పాలకు దానంతట అదే ఆగే ఇండక్షన్ పొయ్యి వాడండి. పొయ్యి మీద ఏదైనా ఉన్నంతసేపు వంటింట్లోనే ఉండాలి, ఫోను బయటే ఉండాలి.

తలకు దెబ్బ తగిలాక చాలామందికి వాసన తెలియకుండా పోతుంది, ఆ సంగతి వాళ్లకే ఆలస్యంగా తెలుస్తుంది. కళ్లు మూయించి కాఫీ పొడి, ఇంగువ, నారింజ తొక్క విడివిడిగా వాసన చూపించండి. ఏది ఏదో పోల్చుకోలేకపోతే గ్యాసు లీకయినా తెలియదన్నమాట. గ్యాసు లీకయితే మోగే పరికరం పెట్టించండి, రాత్రి రెగ్యులేటరు కట్టేయండి. లీకు అనుమానం వస్తే స్విచ్చులు ముట్టకుండా కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. ఫ్రిజ్‌లో పెట్టే గిన్నెలకు తేదీ రాసిన కాగితం అంటించండి. పులిసిన సాంబారు నాలుకకు పుల్లగానైనా తగులుతుంది, పాడైన కూర అలా చెప్పదు.

సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారుకు, నిండగానే ఆగిపోయే పరికరం ఎలక్ట్రీషియన్ చేత బిగించుకోండి. నీళ్లకు కటకటలాడే ఈ ఊళ్లో ట్యాంకు పొంగిపోతే పొరుగువాళ్లు కూడా క్షమించరు.

ఫిట్స్ వచ్చే అవకాశం ఉంటే స్నానాల గది గడియ లోపల వేసుకోకూడదు. స్టూలు మీద కూర్చుని చెంబుతో పోసుకోవాలి. పిట్టగోడ లేని డాబా, మూత తీసిన సంపు, ఈత కొలను దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదు.

6. మందులు

ఆదివారం పొద్దున డబ్బా నింపే పని వేరొకరిది. ఖాళీ అర కనిపిస్తే మాత్ర వేసుకున్నట్టు. అనుమానం వచ్చినప్పుడు ఇంకొకటి వేసుకోవడం కాదు, డబ్బా చూడడం. ఫిట్స్ మందును 'ఆరు నెలలుగా రాలేదు కదా' అని సొంతంగా ఆపితే ఫిట్స్ తిరిగి రావచ్చు. లెవెటిరాసిటమ్ అనే ఫిట్స్ మందు కొందరిలో చిరాకు, కోపం పెంచుతుంది. ఆ మందు మొదలుపెట్టాక మనిషి మారినట్టు అనిపిస్తే తేదీలతో సహా డాక్టరుకు చెప్పండి, మారుస్తారో లేదో వాళ్లు చూస్తారు. మద్యం పూర్తిగా మానాలి. మెదడుకు బలం అంటూ బంధువులు తెచ్చే టానిక్కులూ లేహ్యాలూ డాక్టరుకు చూపించాకే వాడాలి.

7. కోపం వచ్చినప్పుడు

ప్రశాంతంగా ఉన్న రోజున ఇద్దరూ కలిసి ఒక మాట అనుకోండి. మాది 'నీళ్లు'. ఎవరు ఆ మాట అన్నా నేను లేచి వేరే గదిలోకి వెళ్తాను, పావుగంట దాకా ఎవరూ వెనక రారు. ఆ సమయంలో న్యాయాన్యాయాలు తేల్చకూడదు. తిరిగి వచ్చాక ఒక్క వాక్యంలో క్షమాపణ, అంతటితో సరి. పిల్లలకు మాత్రం విడిగా చెప్పండి: నాన్నకు తలలో దెబ్బ తగిలింది, నీ తప్పు లేదు అని.

టీవీ ఆపి మాట్లాడండి. ఒకరి తరువాత ఒకరు మాట్లాడండి. ఒక వాక్యంలో ఒకటే పని చెప్పండి.

మనిషి ఏమీ చేయకుండా గంటల తరబడి కూర్చుంటే బద్ధకం అనకండి. పని మొదలుపెట్టించే భాగానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. "లే, స్నానం చెయ్" అనే బదులు తువ్వాలు చేతికిచ్చి, స్నానాల గది దాకా పక్కన నడవండి. మొదటి అడుగు పడితే మిగతాది సాగుతుంది.

చేయి చేసుకోవడం దాకా వచ్చినా, చచ్చిపోవాలని ఉంది అన్నా దాచిపెట్టవద్దు. డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. చూసుకునే మీకు కూడా ఆ నంబరు పనికొస్తుంది.

8. గడప దాటితే

జేబులో ఒక కార్డు ఉండాలి, కన్నడంలో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు. నా కార్డులో ఉన్నది ఇది: 'నాకు తలకు దెబ్బ తగిలింది. మాట నెమ్మదిగా వస్తుంది, నడక తూలుతుంది. నేను తాగలేదు. దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి.' తాగలేదన్న వాక్యం ఒక కండక్టరు నన్ను బస్సులోంచి దింపేశాక చేర్చాను. అలసినప్పుడు నాకు కన్నడం మాటలు ముందు జారిపోతాయి, తరువాత ఇంగ్లీషు, తెలుగు చివరిదాకా నిలుస్తుంది. అదృష్టవశాత్తూ ఈ ఊరి ఆటోవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లకు కొదవ లేదు.

డాక్టరు రాసి ఇచ్చేదాకా బండి నడపకూడదు. ఫిట్స్ వచ్చినవాళ్లయితే మరీను. వెనక కూర్చున్నా హెల్మెట్ తప్పదు, రెండో దెబ్బను మెదడు మొదటిదానిలా ఓర్చుకోదు.

డబ్బుకు చిన్న మొత్తం ఉండే ఖాతా ఒకటి విడిగా తెరిచి, ఫోను చెల్లింపులు దానికే కట్టండి, రోజువారీ పరిమితి తగ్గించి పెట్టండి. తొందరపాటు, నమ్మేయడం కూడా ఈ దెబ్బ తెచ్చే మార్పులే. మోసపు ఫోనులు చేసేవాళ్లకు కావలసిందీ అదే.

9. కాగితాలు

డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ సీడీలు, బిల్లులు, ఎఫ్ఐఆర్ నకలు ఒకే ఫైలులో పెట్టండి. వాహన ప్రమాదమైతే పరిహారం కోసం, అలాంటి కేసులు తేల్చే ట్రిబ్యునల్‌కు ఆరు నెలల లోపు దరఖాస్తు చేయాలన్న నియమం 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. గడువు దాటిందని మీరే అనుకుని ఊరుకోకుండా లాయరును కలవండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. తలకు దెబ్బ అన్న పేరుతో విడిగా ఏదీ లేదు. దాని వల్ల వచ్చిన అవయవ లోపం, చూపు, వినికిడి, మాట లోపం లాంటి వాటి కింద పరీక్ష చేస్తారు. చాలా సౌకర్యాలకు కనీసం 40 శాతం ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంగా ఉద్యోగం నుంచి తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని అదే చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. రాజీనామా రాసి ఇచ్చే ముందు అది చదవండి.

జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేసేటప్పుడు తెలుగులో చేయడం కుదురుతుందా అని అడగండి. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఇంగ్లీషులో మాటల పరీక్ష పెడితే దెబ్బ ఏదో, భాష ఏదో తేలదు.

సమ్మరీలో 3 నుంచి 15 మధ్య ఒక అంకె ఉంటుంది, స్పృహ ఎంత ఉందో చెప్పేది. 13 నుంచి 15 ఉంటే స్వల్పమైన దెబ్బ అని రాస్తారు. బంధువులు ఆ 'స్వల్పం' పట్టుకుని వేధిస్తారు. ఆ మాట మొదట్లో ఉన్న స్పృహకు సంబంధించినది. అలాంటి దెబ్బ తగిలిన కొందరికి కూడా నెలల తరబడి తలనొప్పి, అలసట ఉంటాయి.

ఎక్కువమంది చేసే తప్పులు

చూడడానికి వచ్చినవాళ్లు "నేనెవరో చెప్పు చూద్దాం" అంటారు. గుమ్మం దగ్గరే ఆపి, "ముందు మీ పేరు చెప్పి పలకరించండి" అనండి. మీరు మొహమాటపడి ఊరుకుంటే దెబ్బ తగిలిన మనిషి చిన్నబోతాడు.

జాలితో పనులన్నీ లాక్కుంటారు. బఠాణీలు ఒలవడమైనా సరే, ఒక పని పూర్తిగా అతనిదే అయి ఉండాలి.

వారానికో కొత్త పద్ధతి మొదలుపెడతారు. ఒక మార్పు చేస్తే మూడు వారాలు ఆగాలి.

ఉద్యోగానికి మొదటి రోజు నుంచే పూర్తి సమయం పంపుతారు. రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం నయం.

పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి?

నెలకు ఒక వారం మళ్లీ మొదటి మెట్టు కాగితం రాయండి. అవే అంకెలు: వేసుకోని మాత్రలు, గుర్తుచేయాల్సి వచ్చిన సార్లు, అరుపులు, అలసిపోకుండా సాగిన నిమిషాలు. వాటిని మొదటి కాగితంతో పోల్చండి. ప్రమాదానికి ముందున్న మనిషితో పోలిస్తే ఏ నెలా బాగుండదు. మొదటి ఆరు నెలల్లో, ఏడాదిలో మార్పు వేగంగా కనిపిస్తుంది, తరువాత నెమ్మదిస్తుంది. నా కాగితంలో మాత్రలు ఐదు నుంచి సున్నాకు రావడానికి నాలుగు నెలలు పట్టింది, అరుపులు నాలుగు నుంచి ఒకటికి రావడానికి రెండేళ్లు. ఆ ఒకటి ఇంకా అలాగే ఉంది.

అంకెలు ఒక నెల పాడైతే ముందు నిద్ర, జ్వరం, కొత్త మందు చూడండి. అవేవీ లేకుండా, కుదుటపడిన మనిషి వెనక్కి వెళ్తుంటే 'ఇది మామూలే' అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పుస్తకంలో ఇరవై పేజీలు మిగిలినప్పుడే కొత్తది కొనండి, అదే సైజు, అదే రంగు అట్ట. మొదటి పేజీ అందులోకి ఎక్కించాకే పాతది అల్మారాలోకి పోవాలి. నాది ఇప్పుడు పంతొమ్మిదోది. కింది అరలో వరుసగా ఉన్న పద్దెనిమిదింటిలో ఏడోది తడిసింది, ట్యాంకు పొంగిన రోజున.